పాట నిలిచింది, పాడిన గొంతుకు ఏం మిగిలింది?

బాగా గుర్తుండిపోయిన సినిమా పాటలు ఏవని ఎవరిని అడిగినా సంగీత దర్శకుల పేర్లు చెబుతారు, పేరున్న గాయకుల పేర్లు చెబుతారు. ఈ ఐదారేళ్ల తెలుగు సినిమా సంగీతం గురించి మాట్లాడాల్సి వస్తే మాకు ముందు ఇద్దరు మొగిలయ్యలు గుర్తొస్తారు. ఒకరు 'భీమ్లా నాయక్' టైటిల్ పాటను కిన్నెర మీద మొదలుపెట్టిన దర్శనం మొగులయ్య. ఇంకొకరు 'బలగం' చివర భార్య కొమురమ్మతో కలిసి పాడి థియేటర్లను ఏడిపించిన పస్తం మొగిలయ్య. ఒకరిది నాగర్‌కర్నూల్ జిల్లా, ఇంకొకరిది వరంగల్ జిల్లా దుగ్గొండి. ఒకరు డక్కలి, ఇంకొకరు బుడగ జంగం. రెండూ ఎస్సీ జాబితాలోని కులాలే. ఆ జాబితాలోనూ అట్టడుగున ఉన్నవి.

'భీమ్లా నాయక్' పాట 2021 సెప్టెంబరులో వచ్చింది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో భవన నిర్మాణం దగ్గర కూలిపని చేస్తున్న దృశ్యాలు దేశమంతా చూసింది. 'బలగం' 2023 మార్చిలో విడుదలైంది. పస్తం మొగిలయ్య కిడ్నీలు దెబ్బతిని, డయాలసిస్ మీద నెట్టుకొచ్చి, 2024 డిసెంబరు 19న చనిపోయారు. ఆరు నెలలు తిరగకముందే, 2025 జూన్ 14న, తెలంగాణ ప్రభుత్వం తొలి గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చింది. 2023 సంవత్సరానికి ఉత్తమ చిత్రం 'బలగం'.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే 'పాపం, పేద కళాకారులు' అని నిట్టూర్చి ఊరుకోవడం కుదరదు. ఒక సినిమా సంగీతాన్ని మరపురానిదిగా చేసేది ఏమిటి, అది ఎవరి నుంచి వస్తుంది, దాని విలువ ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి కానీ, మా దృష్టిలో అవి ఒకే ప్రశ్న.

పాట ఎందుకు గుర్తుండిపోతుంది

రాగం బాగుంటే, మాట బాగుంటే, గొంతు బాగుంటే పాట నిలబడుతుందంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఈ రెండు పాటల్లో పనిచేసింది అంతకంటే పాత విషయం. ఆ పాటలకు సినిమా బయట ఒక పని ఉంది.

డక్కలివాళ్ల వృత్తి ఏమిటి? మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెప్పడం, వాళ్ల పుట్టుక చెప్పడం, గోత్రాలు చెప్పడం. కిన్నెర ఆ కథకు తోడు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. మొగులయ్యది 12 మెట్ల కిన్నెర. దాని మీద ఆయన పండుగ సాయన్న కథ పాడేవారు. పాలమూరు నేలమీద ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడిగా జనం చెప్పుకునే సాయన్న కథ అది. 'భీమ్లా నాయక్' బృందం ఆయనతో చేయించింది కూడా ఆ పనే. కథానాయకుడు తెరమీదికి రాకముందే అతని పుట్టుక, అతని తరాలు చెప్పడం. అందుకే ఆ పాటలో తొలి నిమిషం వినగానే ఒక మనిషి వెనక ఊరంత చరిత్ర ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ బరువు వాద్యాల హోరుతో వచ్చింది కాదు. తరతరాలుగా పుట్టుకలు చెప్పిన గొంతు నుంచి వచ్చింది.

'బలగం'లో దీనికి రెండో కొస కనిపిస్తుంది. కొమురయ్య చనిపోయాడు. పిట్ట ముట్టడం లేదు. పదకొండో రోజున బుడగ జంగాల జంట వచ్చి, పోయినవాడి బతుకు మొత్తం పాటగా చెబుతుంది. అతను పిల్లలను ఎట్లా పెంచాడో చెబుతుంది. ఆ పిల్లలు ఎందుకు విడిపోయారో వాళ్ల మొహం మీదే అడుగుతుంది. ఆ పాట ఒక తీర్పు లాంటిది. ఊళ్లలో పంచాయతీల ముందు తెరలు కట్టి ఆ సినిమా వేసుకున్నారు. అది చూసి అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు చదివాం. ఒక సినిమా పాటకు అంతకంటే పెద్ద ప్రభావం ఏముంటుంది?

ఒకరు పుట్టుక చెప్పారు, ఒకరు చావు చెప్పారు. ఊరి జ్ఞాపకాన్ని మోసే పనిని కుల వ్యవస్థ ఊరిలో చోటే లేని కులాలకు అప్పగించింది. అడుక్కుతినే వృత్తి అని దానికి పేరు పెట్టింది. సినిమా ఇప్పుడు ఆ జ్ఞాపకాన్ని స్టూడియోకు తెచ్చుకుంది. తెచ్చుకోవడంలో తప్పు లేదు, ఆ గొంతులు కోట్లమందికి చేరడం మాకూ సంతోషమే. మేం అడుగుతున్నది తెచ్చుకున్నదానికి లెక్క.

తోలు ఎవరిది, తాళం ఎవరిది

వాద్యాల సంగతి కూడా ఇలాగే ఉంది. తెలుగు సినిమాలో జాతర పాట వచ్చినా, కొట్లాట వచ్చినా, చావు వచ్చినా డప్పు మోగుతుంది. మేకతోలును సాపు చేసి, చట్రానికి బిగించి, మంట దగ్గర కాచి, సిర్రతో, చిటికెన పుల్లతో మాదిగలు పలికించే డప్పు. శవం ముందు ఒక దరువు, పెళ్లికి ఒక దరువు, దేవరకు ఒక దరువు. ఇన్ని సందర్భాలకు ఇన్ని దరువులు ఉండబట్టే, మాట లేకుండానే అది సన్నివేశం ఏమిటో చెప్పగలుగుతుంది. నేపథ్య సంగీతానికి అంతకంటే ఏం కావాలి? కానీ తెరమీద డప్పు కొట్టేవాడు గుంపులో ఒకడు. కెమెరా ఆగేది డప్పు అందుకుని నాలుగు చిందులేసిన కథానాయకుడి మీద.

శాస్త్రీయ సంగీతమూ దీనికి మినహాయింపు కాదు. 2020లో టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అన్న పుస్తకం రాశారు. కచేరీ వేదికల మీద మోగే మృదంగాలను ఆవు, మేక, గేదె తోళ్లతో తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్ర అది. ఆ పుస్తకావిష్కరణకు ముందు ఇచ్చిన వేదికను చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాద్యం పవిత్రమైనది, దాన్ని చేసిన చెయ్యి మాత్రం వేదిక దగ్గరికి రాకూడదు. కచేరీలో కనిపించే ఈ నియమం సినిమా టైటిళ్లలో ఇంకో రూపంలో నడుస్తోంది.

డప్పు అర్థాన్ని మార్చింది మన ఉద్యమాలే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత ఊరేగింపుల ముందు మోగిన డప్పు వెట్టి డప్పు కాదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఆ దరువునే తన పేరుగా పెట్టుకుంది. ఆ ధిక్కారపు దరువు సినిమాలోకి వచ్చినప్పుడు పాటలు నిజంగా నిలబడ్డాయి. 'మా భూమి'లో బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీదికొచ్చి పాడి నలభై ఐదేళ్లు దాటింది, ఇప్పటికీ అది సభల్లో వినిపిస్తుంది. 'కుబుసం'లో గోరటి వెంకన్న పల్లె పాట కూడా అంతే. సినిమా పేరు మరిచిపోయినవాళ్లకు కూడా పాట గుర్తుంది.

పొరుగు భాషల్లో దర్శకులే మనవాళ్లయినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. నాగరాజ్ మంజులే 'సైరాట్'కు అజయ్-అతుల్ ఇచ్చిన పాటలు ఉన్నాయి. పా. రంజిత్, మారి సెల్వరాజ్ సినిమాలకు సంతోష్ నారాయణన్ ఇచ్చిన సంగీతం ఉంది. 'కర్ణన్'లో జానపద గాయని కిడక్కుళి మారియమ్మాళ్ గొంతు పాటకు రంగు అద్దడానికి పిలిచిన గొంతులా ఉండదు, పాటే ఆమెది అనిపిస్తుంది. తెలుగులో కరుణ కుమార్ తీసిన 'పలాస 1978'లో కథానాయకులే జానపద కళాకారుల ఇంటి బిడ్డలు. అందుకే రఘు కుంచె సంగీతంలోని పల్లె పాట అక్కడ కథలో భాగమైంది. తెర వెనక ఎవరు నిర్ణయిస్తున్నారన్నది పాట ఎలా వినిపిస్తుందన్నదాన్ని మారుస్తుంది.

సాయం వేరు, హక్కు వేరు

దర్శనం మొగులయ్యకు ఏమీ అందలేదని మేం అనడం లేదు. పాట వచ్చాక సినిమా కథానాయకుడు పవన్ కల్యాణ్ 2 లక్షల రూపాయలు ఇచ్చారు. పద్మశ్రీ తర్వాత అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. నెలకు 10,000 రూపాయల గౌరవ భృతి ఉండేది. 2024లో ఆయన కూలికి వెళ్తున్నప్పుడు చెప్పిందేమిటంటే, ఆ భృతి ఆగిపోయింది, వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, ఇంటి జాగాకు అయిపోయింది. పస్తం మొగిలయ్య జబ్బుపడ్డప్పుడు కూడా ప్రభుత్వమూ, సినిమావాళ్లూ, దాతలూ ఎంతో కొంత చేశారు.

ఈ మాటలన్నీ జాగ్రత్తగా చూడండి. ఇచ్చారు, ప్రకటించారు, ఆదుకున్నారు, ఆగిపోయింది. ఇది దానం భాష. దానం ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడుతుంది. ప్రభుత్వం మారితే ఆగుతుంది, వార్త పాతబడితే ఆగుతుంది. డక్కలివాళ్లూ, బుడగ జంగాలూ తరతరాలుగా బతికింది ఈ పద్ధతిలోనే. పాడితే ఎవరో ఏదో జోలెలో వేస్తారు. సినిమా వచ్చాక జోలెలో పడే మొత్తం పెరిగి ఉండవచ్చు, పద్ధతి మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. అది ఉండాల్సిందే, పెరగాల్సిందే. అయితే ప్రభుత్వం అక్కడ డప్పు కళాకారుడిని గుర్తిస్తున్నది సాయం అవసరమైన పేదవాడిగా. తన దరువు మీద హక్కున్న సృష్టికర్తగా గుర్తించడం ఇంకా మొదలుకాలేదు.

టైటిళ్లలో పేరు ఎందుకంత ముఖ్యం

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ హక్కును నిర్మాతకో, మ్యూజిక్ కంపెనీకో పూర్తిగా రాసివ్వకుండా ఆ సవరణ అడ్డుకట్ట వేసింది. గాయకులకు, వాద్యకారులకు కూడా ప్రదర్శకుల హక్కు ఉంది. అది 50 ఏళ్లపాటు ఉంటుంది. సినిమాలో పాడటానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాత ఆ ప్రదర్శనను వాడుకోవడాన్ని ప్రదర్శకుడు ఆపలేడు. కానీ దాన్ని వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ అడగవచ్చు. ఆ వసూళ్ల కోసమే 2013లో గాయకుల సంఘం ఇస్రా ఏర్పడింది. తర్వాత వాద్యకారులనూ కలుపుకుని ఇసామ్రాగా మారింది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇదే చట్టంలో ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే నిర్వచనం కింద ఒక మినహాయింపు ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగానో, ప్రాసంగికంగానో ప్రదర్శన ఇచ్చి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిళ్లలో పేరు పడనివాళ్లను ప్రదర్శకులుగా లెక్కించరు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే ఒక్క హక్కు మాత్రం వాళ్లకు మిగులుతుంది. సూటిగా చెప్పాలంటే, తెరమీద పేరు లేకపోతే చట్టం ముందు కూడా నిలబడటం కష్టం. ఎవరి పేరు వేయాలి, ఎవరి పేరు అక్కర్లేదు అన్న పరిశ్రమ ఆనవాయితీ కులం అంటని ఆనవాయితీ కాదు. పదిమంది డప్పు కళాకారులను ఒకరోజుకు పిలిపించి, రికార్డు చేసి, కూలి చేతిలో పెట్టి పంపితే, వాళ్ల దరువు 50 ఏళ్లు మోగుతుంది, వాళ్లకు మాత్రం ఆ ఒక్కరోజు కూలే.

రెండో చిక్కు జానపదం. మన కాపీరైట్ చట్టం జానపదానికి విడిగా రక్షణ ఇవ్వదు. ఎవరు కట్టారో తెలియని పాట అందరిదీ. అందరిదైన పాటకు రెండు చరణాలు కలిపి, బాణీని కాస్త మార్చి రికార్డు చేస్తే, ఆ కొత్త రూపానికి మాత్రం యజమాని పుడతాడు. రచయితకు హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. పాటను తరాలుగా కాపాడిన కులానికి, ఊరికి, సేకరించిన మనిషికి ఏమీ ఉండదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని జానపద పాట మీద జరిగిన గొడవ గుర్తుందిగా. తాను సేకరించి, టీవీ వేదిక మీద పాడిన పాట అని ఒక జానపద గాయని ముందుకొచ్చారు. వాదన పెద్దదయ్యాక ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు ప్రకటించారు. ఆ మాట రావడం మంచిదే. కానీ అది బహిరంగ వివాదం వల్ల వచ్చింది, చట్టం వల్ల కాదు. గొంతెత్తలేని మరో గాయని అయి ఉంటే?

పేరున్నా పోరాటం తప్పదు

పేరుంటే సమస్య తీరిపోతుందా అంటే అదీ లేదు. కాకపోతే పేరున్నవాళ్లకు పోరాడే వీలుంటుంది. తేని జిల్లా పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా కమ్యూనిస్టు పార్టీ సభల్లో వాయించిన ఇళయరాజా, 1976లో 'అన్నక్కిళి'తో సినిమాకు వచ్చి వెయ్యికి పైగా సినిమాలకు సంగీతం ఇచ్చారు. 'సాగర సంగమం', 'రుద్రవీణ' సినిమాలకు జాతీయ అవార్డులు తెలుగుకు తెచ్చిపెట్టారు. అటువంటి ఆయన కూడా తన పాటల హక్కుల కోసం ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' నిర్మాతలకు నోటీసు పంపినప్పుడు 'ఆయనకింకా ఎంత డబ్బు కావాలి' అని వెటకారం చేసినవాళ్లు ఎందరో. తన పని విలువను తానే లెక్కగట్టి అడిగినందుకు అంత చిరాకు ఎందుకో ఆలోచించాలి.

అరివు సంగతి ఇంకా దగ్గరిది. 'సార్పట్ట పరంబరై'కి పాట రాశాడు. 'ఎంజాయ్ ఎంజామి'లో శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన తన నానమ్మ తరం బతుకును పాట చేశాడు. 2021లో రోలింగ్ స్టోన్ ఇండియా ఈ రెండు పాటల విజయాన్ని ముఖచిత్రంగా వేసినప్పుడు అందులో అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాక, నిరసన పెరిగాక, అతనితో మరో డిజిటల్ ముఖచిత్రం వచ్చింది. నగరంలో చదువుకున్న, సామాజిక మాధ్యమాల్లో బలమున్న యువకుడి పరిస్థితే ఇది.

'భీమ్లా నాయక్'కు మూలమైన మలయాళ సినిమా 'అయ్యప్పనుమ్ కోషియుమ్' కథా ఇదే. అందులో టైటిల్ పాట పాడింది అట్టపాడికి చెందిన ఇరుళ ఆదివాసీ మహిళ నంజియమ్మ. 2022లో ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు ప్రకటిస్తే, శాస్త్రీయంగా నేర్చుకోనివాళ్లకు ఆ అవార్డు ఏమిటని ఒక సంగీతకారుడు ప్రశ్నించాడు. అవార్డు అందుకున్న ఆమె తన కుటుంబ భూమి కోసం పోరాడుతూనే ఉండాల్సి వచ్చింది. సినిమా ఒక భాష నుంచి ఇంకో భాషకు మారింది, ఆదివాసీ గొంతు స్థానంలో డక్కలి గొంతు వచ్చింది. రెండు చోట్లా పాట గెలిచింది, రెండు చోట్లా పాడినవాళ్ల బతుకుపోరు ఆగలేదు.

అవార్డుకు గద్దర్ పేరు పెట్టాక

తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టడాన్ని మేం స్వాగతించాం. తూప్రాన్ దళిత వాడలో పుట్టిన గుమ్మడి విఠల్ పేరును అగ్రనటులు చేతుల్లోకి తీసుకోవడం చిన్న విషయం కాదు. అయితే 'ఒరేయ్ రిక్షా' పాటకు వచ్చిన నంది అవార్డునే వద్దన్న మనిషి ఆయన. ఆయన పేరు పెట్టుకున్నాక అవార్డు తీరు కూడా ఆ పేరుకు తగ్గట్టు ఉండాలి.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. అందులో అత్యంత వెనుకబడిన 15 ఉపకులాలను గ్రూపు-1లో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. డక్కలి, బుడగ జంగం రెండూ ఆ గ్రూపులోనే ఉన్నాయి. అంటే ఈ రెండు కులాలు ఎంత వెనకబడ్డాయో ప్రభుత్వ చట్టమే ఒప్పుకుంది. అదే ఏడాది, బుడగ జంగాల పాటతో ముగిసే సినిమాను అదే ప్రభుత్వం ఉత్తమ చిత్రమంది. కేంద్రం 'బలగం'లోని మరో పాటకు కాసర్ల శ్యామ్‌ను ఉత్తమ గీత రచయితగా ఎంపిక చేసింది. ఆ గౌరవానికి ఆయన అర్హుడే. కానీ ఈ గుర్తింపులన్నిటి మధ్యా ఆ కులాల పిల్లలు కిన్నెర, బుర్ర, శారద నేర్చుకుంటే వాటితో బతకగలరా అన్న ప్రశ్నకు జవాబు లేదు. బతకలేకపోతే నేర్చుకోరు. నేర్చుకోవాలని వాళ్లను బలవంతపెట్టే హక్కు మనకూ లేదు. కులవృత్తిని కళ అని పొగిడి వాళ్లను అక్కడే ఉంచడం కూడా కులమే. నేర్చుకుంటే గౌరవంగా బతికే దారి, వద్దనుకుంటే చదువుకుని ఉద్యోగానికి వెళ్లే దారి, రెండూ తెరిచి ఉండాలి.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. సినిమాలో పాడిన, వాయించిన ప్రతి జానపద కళాకారుడి పేరు టైటిళ్లలో, యూట్యూబ్ వివరాల్లో, పాటల యాప్‌లలో ఉండాలి. ప్రభుత్వ రాయితీలు, అవార్డులు కావాలనుకునే సినిమాకు దీన్ని షరతుగా పెట్టవచ్చు, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. రికార్డింగ్‌కు ముందు తెలుగులో రాసిన ఒప్పందం ఉండాలి, అందులో రాయల్టీ మాట ఉండాలి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి. డప్పు, కిన్నెర, బుర్రకథ, శారద కళాకారులను ఇసామ్రా వంటి సంఘాల్లో చేర్పించే పనిని రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు తీసుకోవాలి. జానపదం వాడుకున్న ప్రతి పాట ఆదాయంలో కొంత ఆ కళను కాపాడిన సమూహాల సంక్షేమ నిధికి వెళ్లాలి. గద్దర్ అవార్డుల్లో జానపద గాయకులకు, వాద్యకారులకు విడిగా ఒక విభాగం ఉండాలి.

మన సంఘాలు చేయాల్సిన పని కూడా ఉంది. ఎవరి వాడలో ఎవరు ఏ సినిమాకు వెళ్లి వాయించి వచ్చారో, ఏ పాటకు, ఏ సంవత్సరంలో, ఎంత ఇచ్చారో రాసిపెట్టుకోవాలి. రేపు హక్కు అడగాలంటే ముందు కాగితం కావాలి. వాళ్లు బతికుండగానే అడగాలి. పస్తం మొగిలయ్య విషయంలో ఆ సమయం దాటిపోయింది. కొమురమ్మ ఉన్నారు, దర్శనం మొగులయ్య ఉన్నారు, ప్రతి ఊరి డప్పు దళంలోనూ పేరు పడని పదిమంది ఉన్నారు.